మూసీ వెంట మట్టిబాట: మన సైకిల్ రైడ్ డబ్బు ఎక్కడ ఖర్చవ్వాలి

(హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే రైడ్‌కు పోయొచ్చి, మధ్యాహ్నం ఇంటి పనులు చూసుకుని, మళ్ళీ సాయంత్రం ఈ ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. అందుకని చుట్టు తిప్పకుండా విషయంలోకి వస్తాను.

జనవరి చివర్లో చేద్దామనుకుంటున్న చారిటీ రైడ్ గురించి మాట్లాడమన్నారు. రైడ్ ఎట్లా నడపాలి, బ్యాచ్‌లు ఎట్లా విడగొట్టాలి, హెల్మెట్ లేనివాళ్ళను ఏం చేయాలి, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను మాట్లాడేది ఆ రైడ్‌తో వచ్చే డబ్బు గురించి, ఆ డబ్బుతో బాగుపడాల్సిన దారి గురించి. నా ఉద్యోగమంతా పల్లె రోడ్ల పనుల మీదే గడిచింది. ఒక మట్టిరోడ్డు ఎట్లా తయారవుతుందో, ఎన్నేళ్ళకు ఎట్లా మాయమవుతుందో దగ్గర నుంచి చూశాను. ఆ చూసినదాన్ని బట్టే నాలుగు మాటలు చెబుతాను.

మనం అనుకుంటున్న దారి మూసీ వెంట. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. నల్గొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మధ్యలో సుమారు 240 కిలోమీటర్లు. ఆ మొదలు నుంచి ఆ చివర దాకా, నడిచేవాళ్ళకూ సైకిల్ తొక్కేవాళ్ళకూ పనికొచ్చే ఒక మట్టిబాట ఉండాలన్నది ఆలోచన. కార్లు పోయే రోడ్డు కాదు, తారు కాదు, సిమెంటు కాదు. చెరువు కట్టలు, కాలువ గట్లు, బండ్ల బాటలు, పొలాల మధ్య దారులు కలుపుకుంటూ పోయే బాట.

ఇది ఒకటి రెండేళ్ళలో అయ్యే పని కాదని ముందే చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో పెన్నైన్ వే అని ఒక కాలిబాట ఉంది, సుమారు 430 కిలోమీటర్లు. అట్లాంటి బాట ఒకటి కావాలని టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు పత్రికలో రాసింది 1935లో. ఆ బాట తెరిచింది 1965లో. ముప్పయ్యేళ్ళు పట్టింది. ఎక్కడికక్కడ భూముల యజమానులతో మాట్లాడి, నడిచే హక్కు తెచ్చుకుని, ముక్క ముక్కగా కలిపారు. కాబట్టి మనం 240 కిలోమీటర్ల మాట మనసులో పెట్టుకుందాం గానీ, చేతిలో మాత్రం ఒక్క ముక్కే పట్టుకుందాం. ఆ ముక్క ఏదన్నదాని మీద మన కమిటీలో చాలా చర్చ జరిగింది.

చాలామంది పైభాగం అన్నారు, అంటే అనంతగిరి నుంచి గండిపేట దాకా. అక్కడ కొండ ఉంది, అడవి ఉంది, నీళ్ళు శుభ్రంగా ఉంటాయి, దారిలో చేవెళ్ల మర్రిచెట్లు కనిపిస్తాయి. వారాంతంలో మీలో సగంమంది అటే పోతారు. నేను మొదటి నుంచీ దిగువ భాగమే అంటున్నాను. ఎందుకో చెప్పాలి.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో ఈ నగరం వేలమందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అప్పటి నుంచి ఎగువ పల్లెల మీద కురిసిన వాన మనకు తాగునీరయింది. ఆ జలాశయాలను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ జీవో మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది, ఇప్పుడు దాని జోలికి పోను. ఎగువన ఉన్నవాళ్ళ గురించి నగరం ఎప్పుడో ఒకప్పుడు ఆలోచించింది, జీవోలు రాసింది, కోర్టులకు పోయింది. ఆ సంగతి మాత్రం నిజం.

మరి దిగువన? నాగోల్ దాటి, పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దాటి పోండి. మన ఇళ్ళలో స్నానం చేసిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు, మరుగుదొడ్ల నీళ్ళు, ఫ్యాక్టరీల నీళ్ళు అన్నీ కలిసి అటే పోతున్నాయి. ఆ నీళ్ళతోనే అక్కడ గడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు మళ్ళీ మన టీ కొట్లకే వస్తున్నాయి. ఇంకా దిగువకు పోతే కత్వల దగ్గర, అంటే ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల దగ్గర, నీటిని మళ్ళించి వరి పండిస్తున్నారు. వాన పడ్డ మర్నాడు కత్వ మీద నుంచి దూకే నీళ్ళకు తెల్లటి నురగ కడుతుంది. ఆ నీళ్ళలో దిగి నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళు చూసినవాళ్ళు ఆ పొలాన్ని మర్చిపోలేరు. ఒకప్పుడు ఎండాకాలం ఎండిపోయే ఏరు ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతోంది. అది మన నీళ్ళతోనే. అందువల్ల రెండో పంట కూడా పండుతోంది, అది నిజం. పొట్ట గడుస్తోంది, ఒళ్ళు చెడుతోంది. ఆ రెండూ కలిసే ఉన్నాయి కాబట్టే అక్కడి రైతు కోపంగా మాట్లాడడు, అలసటగా మాట్లాడతాడు.

ఆ ఊళ్ళకు నగరం ఏం ఇచ్చింది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మొదటి ముక్క అక్కడే కావాలంటున్నాను. పోచంపల్లి మండలంలోని పిల్లాయిపల్లి దగ్గర మొదలై, వలిగొండ వైపు సంగెం, భీమలింగం కత్వ దాకా. వాసన వస్తుందండీ అని ఒక మిత్రుడు అన్నారు. వస్తుంది. మనం వదిలిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో మన ముక్కుకు తెలియడం కూడా ఈ బాట వల్ల జరగాల్సిన మంచే. నగరం లోపల మూసీని ఏం చేయాలన్నదాని మీద టీవీల్లో, సభల్లో రోజూ మాటలు నడుస్తున్నాయి. నగరం దాటాక అదే మూసీ గురించి ఆ ఊళ్ళవాళ్ళు తప్ప మాట్లాడేవాళ్ళు తక్కువ. రెండు వందలమంది సైకిళ్ళ మీద పోయి చూసి వస్తే, తిరిగొచ్చాక వాళ్ళ ఇళ్ళల్లో, ఆఫీసుల్లో కొత్త మాటలు మొదలవుతాయి.

ఇక దారి గురించి. చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఇంత పొడుగు బాటకు భూమి ఎవరిస్తారు? కొత్తగా ఎవరూ ఇవ్వనక్కర్లేదు. దారి ఉంది. ప్రతి ఊరి నక్షలో బండ్ల బాటలు గీసే ఉన్నాయి. జంట చుక్కల గీతలుగా కనిపిస్తాయి. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి చెరువుకు, చెరువు నుంచి పొలాలకు. ఎడ్లబండ్లు తిరిగినంత కాలం అవి బతికే ఉన్నాయి. ట్రాక్టర్లు వచ్చాక కొన్ని వెడల్పయ్యాయి, కొన్ని వాడకం తప్పిపోయాయి. వాడకం తప్పిన బాట ఎట్లా పోతుందంటే, ఎవరో వచ్చి కబ్జా పెట్టినట్టు ఒక్కసారిగా పోదు. ఇటుపక్క రైతు దున్నేటప్పుడు ఒక సాలు లోపలికి జరుగుతాడు. అటుపక్క రైతు మరుసటేడు ఒక సాలు జరుగుతాడు. మధ్యలో మిగిలినదాన్ని సర్కారు తుమ్మ ఆక్రమిస్తుంది. పదిహేనేళ్ళు గడిస్తే నక్షలో బాట ఉంటుంది, నేల మీద ఉండదు. అప్పుడు లోపలి పొలం రైతుకు కోత మిషన్ పోయే దారి లేక, పక్క రైతు కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తుంది. తహసీల్ ఆఫీసుకు వచ్చే తగాదాల్లో ఈ బాట తగాదాలకు కొదవ లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం తెరవాలనుకుంటున్న బాట నగరం నుంచి సరదాకు వచ్చేవాళ్ళకు మాత్రమే కాదు. అది మొదట ఆ ఊరివాళ్ళది. పొలానికి పోయే రైతుకు, కూలికి పోయే ఆడవాళ్ళకు, పక్క ఊరి హైస్కూలుకు సైకిల్ మీద పోయే ఆడపిల్లకు పనికొస్తేనే అది నిలబడుతుంది. ఆ పిల్ల రోజూ తిరిగే బాటలో ముళ్ళకంప పెరగదు. మనం నెలకోసారి పోయే బాటలో పెరుగుతుంది.

దూర ప్రయాణపు కాలిబాటలు మనకు కొత్త కావు. హయత్‌నగర్ పేరు విననివాళ్ళు ఇక్కడ లేరు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం పేరు మీద ఏర్పడిన ఊరది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి మీద ఉంది. ఆమె అక్కడ మసీదు కట్టించింది, దాని చుట్టూ బాటసారులు దిగడానికి సరాయి గదులు కట్టించింది, పక్కనే పెద్ద బావి తవ్వించింది. విజయవాడ హైవే మీద బస్సులో పోయేటప్పుడు ఎన్నోసార్లు దాని పక్క నుంచే పోయుంటారు. ఒక్కసారి దిగి చూడండి. దారి అంటే నేల మీద గీత ఒక్కటే అని ఆ కాలంవాళ్ళు అనుకోలేదు. నీళ్ళు, నీడ, రాత్రి తల దాచుకునే చోటు ఉంటేనే దాన్ని దారి అన్నారు.

ఇప్పటికీ బతికున్న దారి కావాలంటే నల్లమలకు పోండి. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం కాలినడకన పోయే భక్తులు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి అడవిలోకి దిగుతారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. ఉగాదికి కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్ళు కూడా ఆ బాటే పడతారు. కొండ ఎక్కేచోట రెడ్డిరాజుల కాలం నాటి మెట్లున్నాయి. ఆ బాటను ఇన్ని వందల ఏళ్ళు నిలబెట్టింది ఆ మెట్లు మాత్రమే కాదు. ఏడాదికోసారి తప్పకుండా వేల కాళ్ళు వస్తాయి. వాళ్ళు వస్తారని తెలుసు కాబట్టి దారి పొడుగునా అన్నం వండి పెట్టేవాళ్ళు వస్తారు, నీళ్ళ ట్యాంకర్లు వస్తాయి, కంప కొట్టేవాళ్ళు వస్తారు. ఏ ఏడాదీ తప్పదు. ఏటేటా జరగడంలోనే దాని బలమంతా ఉంది.

నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. మన రైడ్ డబ్బుతో కొత్త దారి వేయొద్దు. ఉన్న దారిని ఏటేటా నిలబెట్టుకోవడానికే వాడదాం.

దీని మీద కొంచెం వివరంగా మాట్లాడతాను, ఎందుకంటే కమిటీలో కూడా అందరూ ఒప్పుకోలేదు. మట్టిరోడ్డు వేయడానికి డబ్బు పుట్టించడం అంత కష్టం కాదు. ఎమ్మెల్యే నిధులున్నాయి, ఎంపీ నిధులున్నాయి, కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బుంది. శిలాఫలకం ఉంటుంది, కొబ్బరికాయ కొడతారు, ఫొటో వస్తుంది. ఆ రోడ్డుకు మూడో ఏడు మొరం పోయించడానికి డబ్బు అడిగి చూడండి. దానికి పద్దు దొరకదు. నా ఉద్యోగంలో నేను కళ్ళారా చూసింది ఇదే. మంచిగా వేసిన మట్టిరోడ్లు కూడా ఐదారేళ్ళలో గుంతలై, వాగులై పోయాయి. వాటిని పాడు చేసింది బండ్లు కాదు, నీళ్ళు. రోడ్డు మధ్య కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉండాలి. పక్క కాలువ పూడకుండా ఉండాలి. నీరు అడ్డంగా దాటే చోట తూము పెట్టాలి, ఆ తూములో చెత్త తట్టుకోకుండా చూడాలి. ఇవి మూడూ వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసుకుంటే మట్టిరోడ్డు ఎన్నేళ్ళయినా ఉంటుంది. చూసుకోకపోతే రెండు వానాకాలాలు చాలు.

నేలను బట్టి పని మారుతుంది. చల్క నేలలో, అంటే ఎర్రటి ఇసుక నేలలో, నీరు తొందరగా ఇంకుతుంది, వాన వెలిసిన కాసేపటికే సైకిల్ పోతుంది. నల్లరేగడి ఉన్నచోట అట్లా కాదు. తడి రేగడిలో నాలుగు చక్రాల తిప్పులు తిరిగేసరికి మట్టి బ్రేకుల్లో, ఫోర్కులో కూరుకుపోయి చక్రమే తిరగదు. సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే, మీలో చాలామందికి ఆ అనుభవం ఉంది. రేగడి ముక్కల మీద మొరం మందంగా పోసి రోలర్ తిప్పాలి, ఏటా కొంత మళ్ళీ వేయాలి. ఏ మీటరు దగ్గర ఏ నేల ఉందో ముందు సర్వే చేసి రాసుకోవాలి. మొదటి ఏడాది డబ్బులో కొంత ఈ సర్వేకే పోతుంది. కనిపించని ఖర్చు అని దాన్ని తగ్గించొద్దని కోరుతున్నాను.

పెన్నైన్ వే సంగతి మళ్ళీ ఒకసారి. ముప్పయ్యేళ్ళు కష్టపడి తెరిచిన బాట మీద నడిచేవాళ్ళు పెరిగారు. కొండల మీద నేల మెత్తటి పీట్ మట్టి. ఆ అడుగుల తాకిడికి బాట కోసుకుపోయి, బురద తప్పించుకోవడానికి జనం పక్కపక్కగా నడిచి, కొన్నిచోట్ల అది చాలా వెడల్పుగా చీలిపోయింది. చివరికి మూతపడ్డ పాత నూలు మిల్లుల నేలల్లోంచి తీసిన రాతి పలకలను హెలికాప్టర్లతో కొండ మీదికి చేర్చి పరిచారు. నూలు మిల్లుల రాళ్ళు కాలిబాటకు ఎక్కాయి. చేనేత ఊరు పోచంపల్లి మీదుగా బాట వేద్దామనుకుంటున్నవాళ్ళం కాబట్టి నాకు ఆ సంగతి బాగా గుర్తుండిపోయింది. తెరవడం అయిపోగానే పని అయిపోయిందని వాళ్ళు అనుకుని ఉంటే ఆ బాట ఇవాళ లేదు.

అందుకే చారిటీ రైడ్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. గ్రాంటు ఒకసారి వస్తుంది, ఎక్కువ వస్తుంది. రైడ్ డబ్బు కొంచెమే వస్తుంది, కానీ ఏటా వస్తుంది. పైగా ఆ డబ్బు ఇచ్చేవాడు ఆ బాట మీదే తొక్కుతాడు. ఏ తూము పూడిందో, ఎక్కడ మొరం పోయిందో వాడి కంటికే కనబడుతుంది. వచ్చే ఏడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి అంతకంటే మంచి తనిఖీ ఉండదు.

రైడ్ ఎట్లా చేస్తే ఊళ్ళకు మేలు అన్నదానికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో అయొవా రాష్ట్రంలో 1973లో ఇద్దరు పాత్రికేయులు పశ్చిమం నుంచి తూర్పుకు రాష్ట్రం అడ్డంగా సైకిల్ తొక్కుతున్నాం, ఎవరైనా రావచ్చని పత్రికలో రాశారు. అదే ఇప్పుడు ర్యాగ్‌బ్రాయ్ పేరుతో ఏటా జులైలో వారంపాటు జరుగుతుంది, వేలమంది వస్తారు. దారి ఏటా మారుతుంది. చిన్న చిన్న ఊళ్ళలో రాత్రి బస. చర్చివాళ్ళు, స్కూలువాళ్ళు తిండి వండి అమ్ముకుంటారు, ఆ డబ్బు ఆ ఊరి పనులకే పోతుంది. మొదటి రైడ్ మీద కంటే ఆ ఊళ్ళ పట్టుదల మీదే అది ఇన్నేళ్ళు నడిచిందని నా నమ్మకం.

న్యూజిలాండ్‌లో ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్ సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ 1990లో ఒక రైలు మార్గం మూసేశారు. పట్టాలు పోయాయి, ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. స్థానికులు ఒక ట్రస్టుగా ఏర్పడి డబ్బు పోగుచేసి, ప్రభుత్వ శాఖతో కలిసి ఆ మార్గాన్ని సైకిల్ బాటగా మార్చారు. 2000లో మొత్తం 150 కిలోమీటర్లు తెరిచారు. పాత రైలు వంతెనల మీద చెక్కలు పరిచి, పక్కన రెయిలింగ్ పెట్టి, సొరంగాల్లోంచి సైకిళ్ళు పోయేట్టు చేశారు. సైకిల్ మీద వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళలో తిన్నారు, పడుకున్నారు, డబ్బు ఖర్చుపెట్టారు. మూతపడాల్సిన హోటళ్ళు మూతపడలేదు.

మన రైడ్‌కు ఇందులోంచి తీసుకోవాల్సింది ఏమిటి? నగరం నుంచి క్యాటరింగ్ వ్యాన్ తీసుకుపోవద్దు. నాగోల్ మెట్రో దగ్గర తెల్లవారుజామున బయల్దేరితే పోచంపల్లికి టిఫిన్ వేళకు చేరతాం. ఆ టిఫిన్ అక్కడి మహిళా సంఘాలవాళ్ళు వండాలి. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం, చల్ల. ముందుగా డబ్బు కట్టి, ఎంతమందికి వండాలో లెక్క చెప్పాలి. చివరి నిమిషంలో సగంమంది రాకపోతే నష్టం వాళ్ళ మీద పడకూడదు. ప్లాస్టిక్ బాటిళ్ళు వద్దు, మీ దగ్గర బాటిల్ ఉంటుంది, ఊరి నీళ్ళ ప్లాంటు దగ్గర నింపుకుందాం. టీషర్టు, మెడల్, స్టేజీ, ఫ్లెక్సీ, డీజే. వీటికి ఒక్క రూపాయి పెట్టకపోయినా రైడ్ జరుగుతుంది. మెడల్ లేకపోతే రామనేవాళ్ళు వేరే రైడ్‌కు పోతారు, పోనిద్దాం.

డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు మీద ఆధారపడితే పెద్దగా రాదు. ప్రతి సైక్లిస్టు తన చుట్టూ ఉన్నవాళ్ళను అడగాలి. కిలోమీటరుకు పది రూపాయలు ఇస్తావా అని అడగండి. రానూపోనూ 80 కిలోమీటర్లు అనుకుంటే ఒక్కొక్కరి నుంచి 800. అట్లా పదిమంది ఒప్పుకుంటే ఒక సైకిల్ మీద 8,000. మన హాల్లో ఉన్నవాళ్ళతోనే మొదటి ఏడాది సర్వే, మొదటి ముక్క మొరం పని గడుస్తాయి. రసీదు విషయంలో జాగ్రత్త. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ అంటారు) కావాలన్నవాళ్ళు 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇమ్మని చెప్పండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అది అసలే వర్తించదు, ఆ ఆశ చూపించి అడగొద్దు. అమెరికాలో ఉన్న మీ పిల్లలను, తమ్ముళ్ళను అడిగేటప్పుడు ఇంకో మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా అది తీసుకోకూడదు. మనకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. ప్రేమతో పంపినా తిప్పి పంపాల్సిందే.

జనవరి చివర అని ఎందుకు పెట్టామో కొందరు అడిగారు. అక్టోబర్, నవంబర్‌లో వాతావరణం బాగుంటుంది, నిజమే. కానీ అప్పుడు వానాకాలం వరి కోతలు. రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉంటారు. రాత్రంతా టార్పాలిన్ కప్పి పక్కనే పడుకుని కాపలా కాసే గింజలవి. వాటి మీదుగా మన సైకిళ్ళు పోకూడదు. జనవరి చివరికి ఆ వడ్లన్నీ అమ్ముడుపోతాయి, సంక్రాంతి అయిపోతుంది, యాసంగి నాట్లు పడి పొలాలు పచ్చగా ఉంటాయి. కాలువ గట్ల మీద మాత్రం జారుడు ఉంటుంది, నెమ్మదిగా పోవాలి. పల్లేరు కాయలు బాగా ఎండి ఉండే కాలం కూడా అదే. సన్న టైర్లతో వచ్చేవాళ్ళు రెండు ట్యూబులు అదనంగా పెట్టుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయం. మేము కొన్ని ఊళ్ళు తిరిగి పెద్దమనుషులతో, రైతులతో మాట్లాడాం. ఒక ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన అంతా విని, "బాట బాగుచేస్తరు, మంచిదే. ఆ బాట పట్టుకొని రేపు ప్లాట్లు గొట్టేటోళ్ళు వస్తే ఎవరిది జిమ్మ?" అని అడిగాడు. అక్కడున్న ఎవరూ దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయారు. నగరం చుట్టూ జరిగింది అదే కదా. ముందు రోడ్డు వచ్చింది, తర్వాత వెంచర్ బోర్డు వచ్చింది, తర్వాత పొలం పోయింది. మనం మంచి మనసుతో తెరిచిన బాట ఆ పనికి మొదటి మెట్టు కాకూడదు.

అందుకు కొన్ని షరతులు మనమే మన మీద పెట్టుకోవాలి. బాటకు తారు వేయొద్దు, ఎవరు డబ్బు ఇస్తామన్నా సరే. ట్రాక్టరు, ఎడ్లబండి పోవాల్సిన చోట పోవాలి, కారు తిరగడానికి వీలున్న కొత్త వెడల్పు ఎక్కడా చేయొద్దు. నక్షలో ఉన్న బాట నక్షలో ఉన్నంతే ఉండాలి. మండల సర్వేయరు కొలిచి హద్దురాళ్ళు పాతాలి, అది ఊరికి కూడా రక్షణ. గ్రామసభలో తీర్మానం లేకుండా ఏ ఊళ్ళోనూ పలుగు పట్టొద్దు. తీర్మానం అంటే సర్పంచ్ సంతకం ఒక్కటే కాదు, బాటకు ఇరుపక్కలా పొలాలున్న రైతులు కూర్చున్న సభలో జరిగిన తీర్మానం. ఊరు వద్దంటే ఆ ఊరు తప్పించి, ఉన్న రోడ్డు మీదుగా పోదాం. పని కూడా ఊరివాళ్ళ చేతే చేయిద్దాం. ఉపాధి హామీ పనుల్లో మట్టి పని చేసి చేయి తిరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వానాకాలానికి ముందూ తర్వాతా తూములు చూసే పనికి ప్రతి ఊళ్ళో ఇద్దరికి ఏటా డబ్బు కట్టాలి. మన నిధిలో పెద్ద ఖర్చు అదే అవుతుంది, అదే కావాలి.

పోచంపల్లి పేరు ఎత్తినప్పుడల్లా వినోబా గుర్తొస్తారు. 1951 ఏప్రిల్‌లో ఆయన మన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి నడుచుకుంటూ వచ్చి, అక్కడి నుంచి నల్గొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితవాడ ప్రజలు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆ నడకలోనే తెలంగాణలో సుమారు 12 వేల ఎకరాలు వచ్చాయి. ఆ భూముల్లో ఎన్ని నిజంగా పేదల చేతికి అందాయన్నది వేరే పెద్ద కథ, అందులో బాధపడాల్సినవి చాలా ఉన్నాయి. నేను చెప్పేది ఆయన వెళ్ళిన తీరు గురించి. కాలినడకన పోయారు, ఊళ్ళో దిగారు, ముందు వాళ్ళకేం కావాలో అడిగారు. మనం ఆ ఊళ్ళకు భూమి అడగడానికి పోవడం లేదు, మీ బాటకు ఏం కావాలి అని అడగడానికి పోతున్నాం. ఇప్పటిదాకా విన్నదాంట్లో ఊళ్ళు అడిగినవి చిన్నవే. ఒకచోట వాగు దాటడానికి తూము. ఒకచోట బడి పిల్లలకు చీకటిపడే వేళ దారి కనిపించేలా రెండు సోలార్ లైట్లు. ఇంకోచోట కంప కొట్టించడం. మరో ఊళ్ళో పిల్లల సైకిళ్ళు చాలావరకు బ్రేకులు లేకుండా ఉన్నాయి, వచ్చినప్పుడు మీ మెకానిక్‌తో చూపిస్తారా అని టీచరమ్మ అడిగారు. చూపిద్దాం. రైడ్ రోజున పోచంపల్లిలో రెండు గంటలు ఆగుతాం కాబట్టి మన మెకానిక్‌లు ముగ్గురూ ఆ పనిలో ఉంటారు. బ్రేకు షూలు, వైర్లు, ట్యూబులు మనమే తీసుకుపోతాం.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది. "ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఇంకా ఇది ఎందుకు?" అని. ఆ ట్రాక్ నాకు చాలా ఇష్టం. 2023 అక్టోబర్‌లో తెరిచారు, పైన సోలార్ ప్యానెళ్ళ నీడ ఉంది, రాత్రిపూట కూడా భయం లేకుండా ఆడవాళ్ళు తొక్కుతున్నారు. అట్లాంటివి ఇంకా రావాలి. కానీ అది ప్రాక్టీసుకు, ఆరోగ్యానికి. అక్కడ తొక్కితే బయల్దేరిన చోటికే వస్తాం. మూసీ బాట ఒక ఊరికి పోవడానికి. రెండూ వేరు వేరు పనులు, రెండూ కావాలి.

ఇక మీరు చేయాల్సినవి. రైడ్ ఫారాలు వెనక టేబుల్ మీద ఉన్నాయి. కిలోమీటరు లెక్కన విరాళం రాయించుకునే కార్డులు కూడా అక్కడే ఉన్నాయి, ఒక్కొక్కరు ఒకటి తీసుకుపోండి, జనవరి రెండో వారంలోగా నింపి ఇవ్వండి. అంతకంటే ముందు నాకు సర్వే పనికి మనుషులు కావాలి. పిల్లాయిపల్లి వైపు నుంచి బాట వెంట నడుస్తూ, ప్రతి వంద మీటర్లకు నేల ఏమిటి, నీరు ఎటు పారుతోంది, తూము ఉందా, కంప ఉందా రాసుకోవాలి. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసుకుని ఫొటో తీయాలి. సైకిల్ అక్కర్లేదు, నడిస్తే మంచిది. సివిల్ చదివిన పిల్లలుంటే ఇంకా మంచిది. వచ్చే శనివారం పొద్దున ఐదున్నరకు నాగోల్ మెట్రో కింద కలుద్దాం. టోపీ, బూట్లు, రెండు లీటర్ల నీళ్ళు తెచ్చుకోండి. పేరు, ఫోన్ నంబరు ఆ నోట్‌బుక్‌లో రాసి పోండి.